సెల్లా నదిలో నావరాయి

పూర్వం, ఇప్పటికి సుమారు అయిదువందల సంవత్సరాల క్రితం, ఆల్ప్స్ పర్వతాల ఉత్తరపు వాలులో, హిమశిఖరాల నుండి దిగివచ్చే సెల్లా నదీతీరాన, ఆల్ట్‌వేర్ అనే పట్టణాన్ని పదమూడుగురు సభ్యుల నగరసభ ధర్మబద్ధంగా పరిపాలిస్తూ ఉండేది. ధర్మబద్ధంగా అన్న మాట ఆ సభవారు తమ దస్తావేజుల్లో తామే రాయించుకున్నది కనుక, కాదనడానికి మనమెవరం? ఆ పట్టణానికి మూడు వైపులా ప్రాకారమూ నాలుగో వైపు నదీ ఉండేవి. నదికి ఆవలి ఒడ్డు వేరొక ప్రభువుది. ఈవలి నేరస్థుడు ఆవలి ఇసుకలో కాలు మోపితే, అతణ్ణి పట్టుకునే అధికారం ఆల్ట్‌వేర్ భటులకు ఉండేది కాదు.

ఆ సభవారు అంతకు కొద్దికాలం క్రితమే రోము గురువుల పెత్తనాన్ని తోసిపుచ్చి, దేవాలయంలోని ప్రతిమలను దించివేసి, దైవవాక్యమే మాకు ప్రమాణం, మా మనస్సాక్షికి అడ్డం రావడానికి మీరెవరు అని లోకం ముందు నిలబడి నెగ్గినవారు. అత్త పెట్టిన ఆరళ్లన్నీ పడ్డ కోడలు, తాను అత్త అయ్యాక అవే ఆరళ్లు పెట్టినట్టు, నెగ్గి ఆరేళ్లు తిరగకముందే వారు తమకన్నా ఒక్క అడుగు ముందుకు వేసినవారిని వేటాడటం మొదలుపెట్టారు. ఆ అడుగు వేసినవారు పెద్దవారేమీ కారు. నేతగాళ్లు, కొండరైతులు, వడ్రంగులు, వారి ఆడవాళ్లు. పసిబిడ్డ తల మీద పోసిన నీళ్లు బాప్తిస్మం కాదనీ, తెలివి వచ్చిన మనిషి తానై కోరి పొందినదే బాప్తిస్మమనీ, కత్తి పట్టరాదనీ, ఏ అధికారి ముందూ ఒట్టు పెట్టరాదనీ వారు నమ్మారు. అవునంటే అవును, కాదంటే కాదు. అంతకు మించి మనిషి ఇవ్వగలిగినది ఏమీ లేదని వారి సిద్ధాంతం. వారు తమను తాము సోదరులని పిలుచుకునేవారు, జనం వారిని 'మళ్లీ ముంచేవాళ్లు' అని వెక్కిరించేవారు.

ఆల్ట్‌వేర్‌లో సమస్తమూ ఒట్టు మీద నడిచేది. ఏటా వసంతంలో మంచు కరిగి సెల్లాకు కొత్తనీరు వచ్చిన మొదటి ఆదివారంనాడు ఊరివారందరూ సభాభవనం ముందు గుమిగూడి, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ నడిమివేలూ పైకెత్తి, లేఖరి చదివిన ప్రమాణాన్ని మాట తప్పకుండా తిరిగి పలికేవారు. రొట్టెలు కాల్చేవాడికి ఒక ఒట్టు, కోటతలుపు మూసేవాడికి ఒక ఒట్టు. మంత్రసాని అయితే, బిడ్డ ప్రాణాపాయంలో పుడితే పాదిరి వచ్చేదాకా ఆగక తానే నీళ్లు పోసి బాప్తిస్మం ఇస్తానని ఒట్టు పెట్టాలి. రేవు నడిపే పడవవాడు, నగరసభ పంపినవారిని, పంపిన వేళకు, పంపిన చోటికి, ఎవరని అడగకుండా దాటిస్తానని ఒట్టు పెట్టాలి. పెట్టిన ఒట్టు తప్పినవాడికి, ఎత్తిన ఆ మూడు వేళ్లనే నరికేవారు.

ఆ రేవులో పడవవాడు యోస్ట్. తాతతండ్రుల నాటి నుండి ఆ తెడ్డు ఆ ఇంటిదే. వరదలోనూ మంచుగడ్డలు కొట్టుకొచ్చే రోజుల్లోనూ ఒక్కనాడైనా రేవు మూయలేదన్న కీర్తి వారిది, ఆ కీర్తి అంటే యోస్ట్‌కు ప్రాణం. అతని భార్య వెరేనా ఆ ఊరి మంత్రసాని. పదిహేనేళ్లలో ఆమె చేతుల మీదుగా భూమ్మీద పడని పిల్లలు ఆ వీధుల్లో తక్కువ. వారికి మాత్రం సంతానం లేదు. ఊరందరి బిడ్డలూ నీ బిడ్డలే కదా అని ఎవరైనా ఓదారిస్తే, ఆమె నవ్వి ఊరుకునేది, యోస్ట్‌కు మాత్రం ఒళ్లు మండేది.

ఒక శీతకాలపు సాయంత్రం వెరేనా కొండమీది పిండిమర నుండి తల తడుపుకుని ఇంటికి వచ్చింది. "నీకేమన్నా పిచ్చా? ఈ చలిలో ఎవరైనా తలకు పోసుకుంటారా?" అని యోస్ట్ పొయ్యి ఎగదోసి, తువ్వాలు తెచ్చి, తిట్టుకుంటూనే ఆమె జుట్టు తుడిచాడు. తుడుస్తూండగా అతనికి అర్థమైంది. ఆ మరలో సోదరులు కూడుతున్నారని ఊళ్లో గుసగుసలు ఉన్నాయి. తువ్వాలు ఆమె ఒళ్లో పడేసి, వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు పొద్దున మాత్రం, "సరే, నీ దేవుడితో నువ్వేం మాట్లాడుకుంటావో నాకక్కర్లేదు. ఒట్టు పండగనాడు మాత్రం మూడు వేళ్లు ఎత్తు. పెదవులు కదిపితే చాలు, ఎవరూ వినరు" అన్నాడు. ఆమె అతని చెప్పులు పొయ్యి దగ్గర ఆరబెడుతూ, "యోస్ట్, నేను వింటాను కదా" అంది.

వసంతం వచ్చింది, ఆ ఆదివారమూ వచ్చింది. రెండువేల చేతులు లేచిన ఆ మైదానంలో ఒక్క చెయ్యి లేవలేదు. పక్కన నిలబడ్డ యోస్ట్ తన చేతిని అందరికన్నా ఎత్తుగా ఎత్తి, ఒకరి చెయ్యి ఇద్దరికి సరిపోతుందేమోనన్నట్టు గొంతు చించుకుని ప్రమాణం పలికాడు. కానీ ఊరన్నాక కళ్లు ఉంటాయి. పొద్దు వాలకముందే భటులు వచ్చి, సెల్లా నీటిలోనే పునాదులున్న బురుజులోకి వెరేనాను తీసుకుపోయారు.

న్యాయంగా చెప్పాలంటే, సభవారు ఆమెను వెంటనే చంపాలని కోరలేదు. ఒట్టు పెట్టి ఇంటికి పొమ్మన్నారు, పెట్టనంది. పోనీ దేశం విడిచి పొమ్మన్నారు, పోతానంది. అయితే తిరిగి రానని ఒట్టు పెట్టమన్నారు. "తిరిగి రాను అంటున్నాను కదా" అంది. ఒట్టు లేకుండా మనిషి మాటను నమోదు చేయడానికి ఆ దస్తావేజులో వరస లేదు. వెళ్లగొట్టాలనుకున్నవారికీ, వెళ్లిపోవాలనుకున్న మనిషికీ మధ్య మూడు వేళ్లు అడ్డం వచ్చి, వసంతం పోయి వేసవి వచ్చినా ఆమె బురుజులోనే ఉండిపోయింది. యోస్ట్ రోజూ పడవను బురుజు కిందికి తెచ్చి, కిటికీ నుండి వేలాడే తాడుకు రొట్టె కట్టేవాడు.

ద్రాక్షకోతల కాలంలో నగరాధిపతి లియన్‌హార్ట్ భార్య డొరొతేయాకు నొప్పులు మొదలయ్యాయి. రెండు రోజులు గడిచినా, బిడ్డ అడ్డం తిరిగి ఉండటంతో కాన్పు కాలేదు. కొత్తగా ఒట్టు పెట్టిన మంత్రసాని చేతులెత్తేసింది, పొరుగూరి వైద్యుడు తల్లి ఆశ వదులుకోమన్నాడు. మూడోనాటి మధ్యాహ్నం, పదమూడుగురిలో మొదటివాడైన లియన్‌హార్ట్, టోపీ కూడా లేకుండా బురుజు మెట్లెక్కి వెళ్లి, ఏ స్త్రీని తాను బంధించాడో ఆమె ముందు నిలబడ్డాడు. ఖైదీని బయటికి పంపాలంటే తిరిగి వస్తానని ఒట్టు ఉండాలి. అది చట్టం, ఆ చట్టానికి కాపలా ఆయనే. "తల్లీ, ఒట్టు వద్దు" అన్నాడాయన. "తిరిగి వస్తానని నోటితో చెప్పు. నాకదే చాలు." వెరేనా, "వస్తాను" అంది. ఆ ఒక్క మాటతో ఆరు నెలలుగా తెరుచుకోని తలుపు తెరుచుకుంది.

ఆ పురిటిగదిలో ఆమె చేతులు ఏమి చేశాయో ఆడవాళ్లకు తెలుసు. కడుపు మీద నూనె రాసి, నెమ్మదిగా, నొప్పికీ నొప్పికీ మధ్య, లోపలి బిడ్డను తిప్పి తల కిందికి తెచ్చింది. బిడ్డ పుట్టింది, కానీ నీలంగా, కదలకుండా పుట్టింది. "నీళ్లు పొయ్యి! ఆత్మ పోతోంది, నీళ్లు పొయ్యవే!" అని డొరొతేయా తల్లి గిన్నె పట్టుకుని అరిచింది. వెరేనా ఆ గిన్నెను ముట్టుకోలేదు. బిడ్డ నోరు వేలితో శుభ్రం చేసి, తన నోటితో ఊపిరి ఊది, వెచ్చని ఉన్నితో వీపు రుద్ది, మళ్లీ ఊదింది. బిడ్డ ఏడ్చింది. తల్లీ బిడ్డా బతికారు. నగరాధిపతి సంతోషంలో గోడ పట్టుకుని ఏడుస్తూ, ఖైదీ వెంట భటుణ్ణి పంపాలన్న మాటే మరిచిపోయాడు.

ఆ ఇంటి పెరటిమెట్లు నదిలోకే దిగుతాయి. వెరేనా చేతులు కడుక్కోవడానికి ఆ మెట్ల మీదికి వచ్చేసరికి, యోస్ట్ పడవతో సిద్ధంగా ఉన్నాడు. ఆవలి ఒడ్డు ఎండలో కనిపిస్తూనే ఉంది, ద్రాక్ష కోసేవాళ్ల పాటలు కూడా వినిపిస్తున్నాయి. "ఎక్కు" అన్నాడు. ఆమె ఎక్కి కూర్చుంది. అతను తెడ్డు అందుకున్నాడు. "కొంచెంసేపు ఇక్కడే ఉండనీ" అంది ఆమె. "ఆకలేస్తోంది, రొట్టె ఉందా?" అతను రొట్టె ఇచ్చాడు. ఆమె సగం విరిచి అతనికి పెట్టి, తన సగం తిని, లేచి మెట్టు మీద కాలు పెట్టింది.

"ఎక్కడికి?"

"బురుజుకి. వస్తానని చెప్పాను."

"వాళ్లకు చెప్పావు!" అని యోస్ట్ అరిచాడు. "నాకేం చెప్పావు? పెళ్లినాడు నాకు చెప్పిన మాట లేదూ? చచ్చేదాకా నీతోనే ఉంటానన్న మాట ఏమైంది?"

ఆమె మెట్టు మీద పెట్టిన కాలు మళ్లీ పడవలో పెట్టింది. పోవడం సులువేమీ కాలేదు ఆమెకు. యోస్ట్ అది చూసి ఆశపడ్డాడు కూడా. చివరకు ఆమె, "ఇవాళ నేను పారిపోతే, యోస్ట్, రేపటి నుంచి మావాళ్లు అవునన్నా ఎవరూ నమ్మరు. కొండమీద ముప్పైమంది ఉన్నారు. వాళ్లకు ఉన్నదల్లా ఆ మాటే" అని చెప్పి, వీధి వెంట ఒంటరిగా, పట్టపగలు, అందరూ చూస్తుండగా నడిచి వెళ్లి బురుజు తలుపు తట్టింది. తలుపు తీసిన కావలివాడు నెత్తి కొట్టుకున్నాడు. "ఓసి నా తల్లీ, ఎందుకొచ్చావే? ఇప్పుడు నేను తలుపు వెయ్యాలా?" అన్నాడు. వేశాడు.

యోస్ట్‌కు కోపం వచ్చినా, కోపం వెనుక ఒక ధైర్యం కూడా ఉండేది. భార్యనూ బిడ్డనూ దక్కించిన మనిషిని ఏ మగవాడు చంపిస్తాడు? అతను లియన్‌హార్ట్ ఇంటికి వెళ్లాడు. ఆయన అతని రెండు చేతులూ పట్టుకుని, కన్నీళ్లు పెట్టుకుని, సభలో మాట్లాడతానన్నాడు. యోస్ట్ ఇంటికి వచ్చి ఆమె మంచం మీది పరుపు ఎండలో వేసి, గది ఊడ్చాడు.

సభ కూడింది. వెరేనా మీద ఇప్పుడు ఒకటికి రెండు నేరాలయ్యాయి. ఒట్టు పెట్టకపోవడం మొదటిది. ప్రాణాపాయంలో ఉన్న శిశువుకు కావాలని నీళ్లు పోయక, దాని ఆత్మను నరకానికి ఒడ్డడం రెండోది; దానికి సాక్షి డొరొతేయా తల్లి. ఆ బిడ్డ బతికి ఉయ్యాలలో పాలు తాగుతోందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఖైదీ ఆ ఇంటికి ఎలా వచ్చిందని ఒక సభ్యుడు అడిగాడు. ఒట్టు లేకుండా వదిలానని లియన్‌హార్ట్ చెబితే, ఆయన తన పదవికి పెట్టిన ఒట్టు తప్పినట్టే. ఆ పైన ఆయన వేళ్లకే ముప్పు. "ఇద్దరు భటుల కాపలాలో రప్పించాను" అన్నాడాయన. ఒట్టు పెట్టిన పెద్దమనిషి అబద్ధమాడాడు. ఒట్టు పెట్టని ఆడది మాట నిలుపుకుంది. తీర్పు వేళ పదమూడు చేతులూ లేచాయి, వాటిలో లియన్‌హార్ట్ చెయ్యి కూడా ఉంది. నీళ్లు కోరినవారికి నీళ్లే ఇవ్వండి అని ఎవరో చమత్కరించగా, కొందరు నవ్వారట.

మొదటి మంచు పడ్డ వారంలో, నగరసభ నౌకరు వచ్చి యోస్ట్ తలుపు తట్టి, ఎల్లుండి ఉదయం తొమ్మిదిగంటలకు బురుజు దగ్గరికి పడవ తేవాలనీ, ముగ్గురిని నడినదికి తీసుకుపోయి ఇద్దరిని తిరిగి తేవాలనీ చెప్పాడు. యోస్ట్ ముందు నవ్వాడు. నిజంగానే, ఏదో మోటు హాస్యం అనుకున్నాడు. "మొన్న వసంతంలో ఒట్టు పెట్టావు కదయ్యా, పంపినవారిని పంపిన చోటికి" అని నౌకరు నేల చూపులు చూస్తూ గుర్తుచేశాడు. అవును, పెట్టాడు. అందరికన్నా ఎత్తుగా చెయ్యి ఎత్తి, అందరికన్నా గట్టిగా అరిచి మరీ పెట్టాడు. ఆ మర్నాడంతా యోస్ట్ తన వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. నరికితే నరకనీ అనుకున్నాడు. కానీ తాను తోలకపోతే వేరొకడు తోలుతాడు. తానే తోలితే నడినదిలో తెడ్డు తనదే, ఆవలి ఒడ్డు నూరు బారల దూరమే. అతను కత్తికి పదును పెట్టాడు.

ఆ ఉదయం పడవలో నలుగురు ఎక్కారు: తెడ్డు దగ్గర యోస్ట్, ముక్కు దగ్గర లేఖరి, నడుమ తలారి మార్టి, అతని ముందు చేతులు మోకాళ్లకు కట్టి ఉన్న వెరేనా. ఒడ్డున జనం కిక్కిరిసి ఉన్నారు, పాదిరి గట్టిగా ప్రార్థన చదువుతున్నాడు. నడినదిలో, ప్రవాహం సుడి తిరిగే చోట, పడవను ఒక్క కుదుపుతో బోర్లా వేసి, నీటిలో ఆమె కట్లు కోసి, ఈదుకుంటూ ఆవలికి లాక్కుపోవాలని యోస్ట్ ఎత్తు. ఈత రాని పడవవాడు ఉండడు. భార్యను చంకన పెట్టుకుని నూరు బారలు ఈదలేనివాడు కాదు అతను. ఎత్తు పారేదే. కానీ వెరేనా పదిహేడేళ్లు ఒక పడవవాడితో కాపురం చేసింది. మంచు కురిసే రోజున అతని కాళ్లకు బూట్లు లేవు. ఆమె ఆ కాళ్లను చూసింది, అతని ముఖం చూసింది.

"యోస్ట్, బూట్లు తొడుక్కో" అంది.

అతను తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

"మార్టికి ఈత రాదు. లేఖరి సంగతి నాకు తెలీదు. మార్టి పిల్లలు నలుగురూ నా చేతుల్లో పడ్డవాళ్లే. బూట్లు తొడుక్కో, నాన్నా."

మార్టికి అప్పుడు తెలిసింది. పడవ అంచు గట్టిగా పట్టుకున్నాడు గాని, లేఖరికి చెప్పలేదు, కేక వేయలేదు. "తొడుక్కోను" అన్నాడు యోస్ట్. "నువ్వూ, నీ దేవుడూ, మీ మంచితనమూ! నేను నీకేమీ కానా? ఎవడో తలారి నీకు నాకంటే ఎక్కువైపోయాడా?" అన్నాడు. ఆమె, "ఎక్కువ కాదు. నువ్వు వాణ్ణి ముంచి నన్ను తీసుకుపోతే, ఆవలి ఒడ్డున నీతో కూర్చుని అన్నం తినలేను" అంది. లేఖరి, వేళ మించిపోతోంది, గుసగుసలేమిటి అని విసుక్కున్నాడు. యోస్ట్ వంగి బూట్లు తొడుక్కున్నాడు. బొటనవేళ్లు చలికి కొంకర్లు పోయి, ఎడమకాలి బూటు ఎక్కక, చాలాసేపు పట్టింది. ఆ చాలాసేపూ ఆమె బతికి ఉంది. తొడుక్కున్నాక మార్టి ఆచారం ప్రకారం మోకరించి క్షమాపణ అడిగాడు. "లే నాయనా, పడవ ఒరుగుతుంది" అంది ఆమె.

ఆ తరువాతి క్షణాన్ని వర్ణించే కథకులు ఉన్నారు. ఆకాశం నుండి పావురం దిగిందనీ, నీరు వెలిగిందనీ చెబుతారు. అవేవీ యోస్ట్ చూడలేదు. బుడగలు చూశాడు, అవి ఆగిపోవడం చూశాడు. ఇక తిరుగు అని లేఖరి ఆజ్ఞాపించగా అతను తెడ్డు వేశాడు. పడవ కదలలేదు. మార్టి కూడా రెండో తెడ్డు అందుకున్నాడు, కదలలేదు. అంత ప్రవాహంలో, లంగరు లేని పడవ, గుంజకు కట్టినట్టు నిలిచిపోయింది. కాళ్ల కింద చెక్క చల్లబడుతూ, బరువెక్కుతూ, గరుకుగా మారుతున్నదని మొదట గ్రహించినవాడు మార్టి. ఒడ్డు నుండి మరో పడవ వచ్చి లేఖరినీ తలారినీ ఎక్కించుకుపోయింది. యోస్ట్ మాత్రం కదలక, మర్నాటి ఉదయం దాకా అక్కడే కూర్చున్నాడు. తెల్లవారి మంచుతెర తొలగేసరికి, అతను కూర్చున్నది చెక్క మీద కాదు, నల్లని శిల మీద అని ఊరంతా చూసింది. రాయిగా మారవలసినవి ఆ ఊళ్లో వేరే లేవు మరి. మిగిలినవన్నీ అంతకుముందే మారి ఉన్నాయి.

నగరసభ కొత్త పడవ చేయించి, ఒట్టు పెట్టించి కొత్త పడవవాణ్ణి నియమించింది. ఆ పడవ రేవు విడిచీ విడవగానే, ఎంత తెడ్డు వేసినా ఆవలికి పోక, తిన్నగా వెళ్లి ఆ శిలను తాకి ఆగిపోయింది. రెండోవాడిదీ అంతే అయింది, మూడోవాడు తెడ్డు పారేసి పారిపోయాడు. శీతకాలమంతా రేవు మూతపడింది. ఆవలి నుండి ఉప్పు రాలేదు, ఈవలి ఉన్ని పోలేదు, సంతవీధి బోసిపోయింది. అప్పుడు ఆవలి ఒడ్డున ఉప్పుబస్తాలు తడుస్తూండగా చూడలేక, ఒక పొద్దున యోస్ట్ తానే పాత చేపలపడవ ఒకటి తీసి నదిలోకి తోశాడు. వెరేనా పోయిన మర్నాడే అతను తన ఒట్టు వదిలేశానని సభాభవనం తలుపు ముందు నిలబడి చెప్పి వచ్చాడు, మనిషికి మతిపోయిందని వారు వదిలేశారు. ఆ ఒట్టు లేనివాడి పడవ శిల పక్కగా, మెల్లగా, ఏ అడ్డూ లేకుండా ఆవలికి చేరింది.

వసంతం వచ్చింది, ఒట్టు పండగ వచ్చింది. సభవారు యోస్ట్‌ను పిలిపించి రేవు తీసుకోమన్నారు. అతను తీసుకుంటానన్నాడు, చెయ్యి మాత్రం ఎత్తలేదు. "ఈ మూడు వేళ్లతో నా భార్యను ముంచాను. ఇక ఎత్తను. రేవు నడుపుతానంటున్నాను, నడుపుతాను. ఇష్టమైతే నమ్మండి, లేకపోతే బురుజు ఖాళీగానే ఉంది కదా" అన్నాడు. సభవారు తలుపులు మూసుకుని ఆలోచించారు. దైవవాక్యం మారలేదు, చట్టమూ మారలేదు. ఉప్పు మాత్రం అయిపోయింది. సగం పూట తిరగకముందే తలుపులు తెరిచి, లియన్‌హార్టే బయటికి వచ్చి, ఇకమీదట ఆల్ట్‌వేర్ రేవున పడవవాడికి ఒట్టు అక్కర్లేదనీ, అతని మాటను సభ విశ్వసిస్తుందనీ ప్రకటించాడు. జనం జయజయధ్వానాలు చేశారు. యోస్ట్ ఆయన ముఖంలోకి చూసి, "ఇది ఇంత సులువని మీకు ద్రాక్షకోతల నాడే తెలుసు, అయ్యా" అన్నాడు. ఆయన వినలేదో, వినిపించుకోలేదో.

యోస్ట్ ఆ తరువాత ఇరవైరెండేళ్లు రేవు నడిపాడు. సోదరులలో ఎందుకు చేరలేదని కొండమీదివారు అడిగితే, "ఆమెను ఆపని దేవుడి మీద నాకింకా కోపం పోలేదు" అనేవాడు. వారు అతన్ని బతిమాలలేదు, దూరమూ పెట్టలేదు. చివరిరోజుల్లో తెడ్డు మార్టి పెద్దకొడుక్కు అప్పగించాడు. అతనూ చెయ్యి ఎత్తకుండానే తీసుకున్నాడు.

నావ ఆకారంలో, ముక్కు ఆవలి ఒడ్డు వైపు తిరిగి ఉన్న ఆ నల్లని శిల సెల్లా నడుమ ఈనాటికీ ఉంది, దాన్నే నావరాయి అంటారు. ఏటా వసంతంలో ఒట్టు పండగనాడు ఊరంతా మూడు వేళ్లు ఎత్తే వేళ, రేవు పడవవాడు ఒక్కడే ముందువరసలో చేతులు దించుకుని నిలబడతాడు; లేఖరి అతణ్ణి, "నడుపుతావా?" అని అడుగుతాడు, అతను "నడుపుతాను" అంటాడు. చూడటానికి దూరదేశాల నుండి జనం వస్తారు. వారిలో సోదరుల వంశంవారు కూడా ఉంటారు. వారు రాతికి మొక్కరు, పూలు వేయరు, కాసేపు ఒడ్డున నిలబడి వెళ్లిపోతారు. స్థలమహిమ విన్నవారికి సంతానమూ సంపదా కలుగుతాయని చెప్పి కథ ముగించడం ఆచారం. ఈ కథ విన్నందువల్ల ఎవరికీ ఏమీ కలగదు. విన్నామన్న బరువు తప్ప.

శిలకు ఎదురుగా, రేవుమెట్ల పక్కన, నగరసభ ఒక పాలరాతి ఫలకం పెట్టించింది. సాటి మనిషి మాటను ఒట్టు లేకుండా విశ్వసించిన ఉదారులు ఈ పట్టణ పాలకులని దాని మీద చెక్కి ఉంది. దాని కింద పదమూడు పేర్లు ఉన్నాయి. మొదటి పేరు లియన్‌హార్ట్‌ది, వెరేనా పేరు ఎక్కడా లేదు.